నిరుద్యోగ భృతి ఖైరాత్ కాదు

(నంద్యాలలో నిరుద్యోగ యువతీ యువకులు, వారి తల్లిదండ్రుల సమావేశంలో ఒక విశ్రాంత ప్రభుత్వోద్యోగి చేసిన ప్రసంగ పాఠం)



వేదికపై మాట్లాడటం మాకు అలవాటైన పని కాదు. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేశాము. దరఖాస్తు తీసుకోవడం, సరిచూడడం, లోపముంటే వెనక్కి పంపడం, ఇదే మా ఉద్యోగం. పదవీ విరమణ తరువాత కొందరు మిత్రులతో కలిసి అవే దరఖాస్తులను ప్రజల పక్కన కూర్చుని రాసిపెడుతున్నాము. బల్లకు అవతల ఉన్నన్నాళ్లూ మాకు కనిపించనివి కొన్ని ఇవతలికి వచ్చాక కనిపించాయి. వాటినే ఈ రోజు మీ ముందు ఉంచుతాము.

నంద్యాల అంటే ఒకప్పుడు పత్తి, బియ్యం, కె.సి. కాలువ గుర్తుకు వచ్చేవి. ఇప్పుడు రాష్ట్రమంతటా నంద్యాలకు మరో పేరు కూడా ఉంది: బ్యాంకు పరీక్షల శిక్షణ. ఎక్కడెక్కడి పిల్లలో ఇక్కడికి వచ్చి, హాస్టళ్లలో ఉండి, తెల్లవారుజామునే పుస్తకాలు పట్టుకుని తరగతులకు వెళుతుంటారు. వారిలో మన పిల్లలూ ఉన్నారు. ఒకసారి రాస్తారు, రెండోసారి రాస్తారు, ఒకటి రెండు మార్కుల తేడాతో పోగొట్టుకుంటారు, మళ్లీ రాస్తారు. ఇలా నాలుగైదేళ్లు గడిచేసరికి ఇంట్లో తండ్రి మాట్లాడటం మానేస్తాడు. బంధువుల పెళ్లికి రమ్మంటే పిల్లవాడు ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకుంటాడు. అక్కడికి వెళితే “ఏం చేస్తున్నావు?” అని ఎవరో ఒకరు అడుగుతారు. ఆ ఒక్క ప్రశ్నకు భయపడి ముఖం చాటేస్తున్న పిల్లలు మన వీధుల్లో ఎందరో ఉన్నారు.

ఇది ఒక్క మన ఇంటి దురదృష్టం కాదు. 2006 నవంబరులో సచార్ కమిటీ నివేదిక వచ్చింది. దేశంలో పనిచేస్తున్న ముస్లింలలో దాదాపు 61 శాతం మంది సొంత పనిమీద బతుకుతున్నారని అందులో ఉంది. ఐ.ఏ.ఎస్. అధికారులలో మనవారు 3 శాతం, ఐ.పి.ఎస్.లో 4 శాతం. సొంత పని అంటే ఆటో, మెకానిక్ షెడ్డు, పండ్ల బండి, కుట్టుమిషను. వీటికి జీతం చీటీ ఉండదు, పీఎఫ్ ఉండదు. పని పోయిన రోజున పోయిందని చెప్పే కాగితం కూడా ఉండదు. అందుకే కష్టకాలంలో ప్రభుత్వం ఇచ్చే ఆసరా గురించి మన ఇళ్లలో మాట్లాడుకునే అలవాటు ఏర్పడలేదు.

ఒక తండ్రి మాట

2018లో జరిగిన ఒక సంగతి చెబుతాము. ఆ కుటుంబం పేరు చెప్పము, వారి అనుమతితోనే చెబుతున్నాము. ఆళ్లగడ్డకు చెందిన ఒక యువకుడు బి.కాం. చదివి, నంద్యాలలో శిక్షణ తీసుకుంటున్నాడు. తండ్రికి సైకిళ్లు, మోటారు సైకిళ్లు బాగుచేసే చిన్న కొట్టు ఉంది. ఆ ఏడాది అక్టోబరు 2న ముఖ్యమంత్రి యువనేస్తం పథకం మొదలైంది. 22 నుంచి 35 ఏళ్ల మధ్య వయసు, డిగ్రీ గాని డిప్లొమా గాని, తెల్ల రేషన్ కార్డు ఉన్న నిరుద్యోగులకు నెలకు 1000 రూపాయల భృతి. 2019 ఆరంభంలో దానిని 2000 చేశారు.

మేము ఆ కొట్టుకు వెళ్లి, “భాయి, పిల్లవాడి చేత దరఖాస్తు చేయించండి” అన్నాము. ఆయన చేతిలో పానా కింద పెట్టకుండానే, “సర్కారు ఖైరాత్ మాకెందుకు సాబ్? నా చేతులు ఇంకా పనిచేస్తున్నాయి” అన్నాడు. ఆ మాటలోని ఆత్మగౌరవాన్ని మేము తప్పుపట్టలేదు. కష్టార్జితం తప్ప మరొకటి ముట్టని మనిషి ఆయన. కాని ఆ గౌరవం వల్ల ఒక నెల పోయింది.

నెల తరువాత ఆ యువకుడే మా దగ్గరకు వచ్చాడు. “చాచా, అబ్బాకు తెలియకుండా చేద్దాం” అన్నాడు. వద్దన్నాము. తండ్రిని ఒప్పించాకే మొదలుపెట్టాము. దరఖాస్తుకు ఆధార్‌తో ముడిపడిన ఫోను నంబరు కావాలి. ఆ నంబరు ఆయన మామది. ఆ మామ కువైట్‌లో ఉన్నాడు. ఇక్కడ దరఖాస్తు నింపితే రహస్య సంఖ్య అక్కడికి పోతుంది. అది సరిచేసుకునేసరికి మరో చిక్కు. ఇంటిపేరు షేక్. పదో తరగతి ధ్రువపత్రంలో ఇంగ్లీషులో ఎస్, హెచ్, ఏ, ఐ, కె. ఆధార్‌లో ఏ బదులు ఇ. డిగ్రీ పత్రంలో ఒట్టి ఎస్. అనే పొడి అక్షరం. మనిషి ఒక్కడే, కాగితాలలో ముగ్గురు.

ఒక కార్యాలయం మరో కార్యాలయానికి పంపింది. అది ఇంకో చోటికి పంపింది. అప్పట్లో జిల్లా కేంద్రం కర్నూలు. నంద్యాల జిల్లా 2022 ఏప్రిల్ 4న గాని రాలేదు. ఆళ్లగడ్డ నుంచి కర్నూలుకు వెళ్లి రావడమంటే ఒక రోజు, బస్సు చార్జీలు, ఒక పూట హోటల్ భోజనం. పేర్లన్నీ ఒక దారికి వచ్చేసరికి 2019 ఎన్నికలు వచ్చాయి, ప్రభుత్వం మారింది, పథకం ఆగిపోయింది. ఆ యువకుడికి ఒక్క రూపాయి కూడా అందలేదు. హాస్టల్ ఫీజు కట్టలేక శిక్షణ మధ్యలోనే మానుకున్నాడు.

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో “పేరు సరిపోలేదు” అని రాసి ఎన్నో దరఖాస్తులను మేమే వెనక్కి పంపాము. నిబంధన ప్రకారం అది సరైనదే. కాని ఏ అక్షరం సరిపోలేదో, ఎక్కడికి వెళ్లి దిద్దించుకోవాలో మరో రెండు పంక్తులు రాసి ఉంటే ఆ మనిషికి ఒక ప్రయాణం తప్పేది. రాయలేదు. ఆ తండ్రి కొట్టు ముందు నిలబడినప్పుడు అది గుర్తుకు వచ్చింది.

ఖైరాత్ ఎందుకు కాదు?

ఖైరాత్ అంటే ఇచ్చేవాడి దయ. ఇస్తే తీసుకోవాలి, ఇవ్వకపోతే అడగరాదు. భృతి అలాంటిది కాదు. మన రాజ్యాంగం 41వ అధికరణం పని హక్కును, నిరుద్యోగం, వృద్ధాప్యం, అనారోగ్యం వచ్చినప్పుడు ప్రభుత్వ సహాయం పొందే హక్కును ప్రస్తావిస్తుంది. రాజ్యం తన ఆర్థిక స్తోమత మేరకు వాటిని కల్పించాలని చెబుతుంది. ఇది ఆదేశిక సూత్రం, కోర్టుకు వెళ్లి నేరుగా అమలు చేయించుకోలేము. అయినా రాజ్యాంగం రాసిన పెద్దలు నిరుద్యోగాన్ని మనిషి సోమరితనంగా చూడలేదని దీనివల్ల తెలుస్తుంది. ఇంగ్లండులో 1911లోనే నిరుద్యోగ బీమా చట్టం వచ్చింది. పని దొరకకపోవడంలో మనిషి తప్పు లేకపోవచ్చునని లోకం ఒప్పుకుని వందేళ్లు దాటింది.

పైగా ఆ కొట్టు యజమాని కొనే ప్రతి విడిభాగం మీద, ఆయన ఇంట్లో వాడే సబ్బు మీద, నూనె మీద పన్ను కడుతూనే ఉన్నాడు. తాను కట్టిన దానిలో కొంత కష్టకాలంలో తన బిడ్డకు తిరిగి వస్తే అందులో సిగ్గుపడవలసినది ఏముంది?

మూడు రకాల ఆసరాలు

ఇక కాగితాల సంగతికి వద్దాము. నిరుద్యోగికి అందే ఆసరాలు మూడు రకాలు. ఈ తేడా తెలియకపోవడం వల్లనే మనం ఎక్కువగా నష్టపోతున్నాము.

మొదటిది పథకం. యువనేస్తం అలాంటిదే. ప్రభుత్వ ఉత్తర్వుతో వస్తుంది, ప్రభుత్వం మారితే పోవచ్చు. తెలంగాణలో 2018 ఎన్నికల్లో నెలకు 3016 రూపాయలు ఇస్తామన్నారు, అమలు కాలేదు. పొరుగున కర్ణాటకలో యువనిధి పథకం కింద 2024 జనవరి నుంచి డిగ్రీ పూర్తిచేసిన నిరుద్యోగులకు 3000, డిప్లొమావారికి 1500 రూపాయల చొప్పున గరిష్ఠంగా రెండేళ్లు ఇచ్చే ఏర్పాటు జరిగింది. మన రాష్ట్రంలో 2024 ఎన్నికల వేళ నెలకు 3000 రూపాయల హామీ వినిపించింది. హామీని ఎవరు ఇచ్చినా గుర్తుచేస్తూ ఉండటం పౌరుల పని. అయితే పథకం తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో, ఎప్పుడు మూసుకుంటుందో మన చేతిలో లేదు. మన చేతిలో ఉన్నది ఒక్కటే, తెరుచుకున్న రోజుకు కాగితాలు సిద్ధంగా ఉంచుకోవడం.

రెండోది బీమా. పది మంది గాని అంతకన్నా ఎక్కువ మంది గాని పనిచేసే దుకాణం, ఆసుపత్రి, మిల్లు, షోరూములలో నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉన్నవారికి ఇ.ఎస్.ఐ. వర్తిస్తుంది. జీతం చీటీలో ముప్పాతిక శాతం కోత కనిపిస్తుంది, యజమాని మరో మూడుంబావు శాతం కడతాడు. ఇ.ఎస్.ఐ. అంటే మందులు, ఆసుపత్రి మాత్రమేనని మనవారు అనుకుంటారు. 2018 జూలై నుంచి అందులో అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన అనే ఏర్పాటు ఉంది. ఉద్యోగం పోయినవారికి సగటు రోజు వేతనంలో మొదట నాలుగో వంతు ఇచ్చేవారు. 2020లో కరోనా కాలంలో దానిని సగం చేశారు. గరిష్ఠంగా 90 రోజులు, జీవితంలో ఒక్కసారి. రెండేళ్ల బీమా ఉద్యోగం, నియమిత కాలంలో కనీసం 78 రోజుల చందా ఉండాలి. పని పోయిన 30 రోజుల తరువాత దరఖాస్తు చేసుకోవచ్చు, యజమాని ద్వారా వెళ్లనవసరం లేదు. దుష్ప్రవర్తన కారణంగా తొలగించబడినవారికి రాదు. ఈ ఏర్పాటు గడువును ప్రభుత్వం పొడిగిస్తూ వస్తున్నది గనుక దరఖాస్తుకు ముందు ఇ.ఎస్.ఐ. కార్యాలయంలో విచారించుకోండి.

ఇది కాగితం మీది మాట కాదు. నంద్యాలలో ఒక దుకాణంలో బిల్లులు రాసే ఒక అమ్మాయికి 2020 లాక్‌డౌన్‌లో పని పోయింది. నెల జీతం 9000, అంటే రోజుకు 300. అందులో సగం 150 చొప్పున 90 రోజులకు 13,500 రూపాయలు వచ్చాయి. ఇంటి అద్దెకు కొంత, అకౌంట్ల కంప్యూటర్ శిక్షణకు కొంత వాడుకుంది. ఆమెకు ఈ సంగతి తెలిసింది ఎలాగో తెలుసా? పాత జీతం చీటీలను ఆమె తల్లి బియ్యం డబ్బాలో దాచి ఉంచింది. వాటిలో ఒకదాని మీద ఇ.ఎస్.ఐ. నంబరు మా కంటపడింది.

మూడోది చట్టం. 2005 నాటి ఉపాధి హామీ చట్టం 7వ సెక్షన్‌లో నిరుద్యోగ భృతిని పొందుపరిచారు. పని అడిగిన 15 రోజుల్లోగా చూపకపోతే మొదటి 30 రోజులకు వేతనంలో నాలుగో వంతుకు తగ్గకుండా, ఆ తరువాత సగానికి తగ్గకుండా భృతి ఇవ్వాలని రాశారు. ఈ పథకం మొదలైంది మన పక్కనే ఉన్న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న. మన రాయలసీమ గడ్డ మీద మొదలైన పథకంలోని ఈ భృతిని అడిగినవారు మా కంటికి ఎక్కడా కనబడలేదు. కారణం చిన్నది. పని కావాలని నోటితో అడుగుతాము. తేదీ వేసిన రసీదు తీసుకోము. రసీదు లేకపోతే 15 రోజులు ఎప్పటి నుంచి లెక్కపెట్టాలి?

ఇందులో మరో లోటు ఉంది. ఉపాధి హామీ గ్రామాలకే. నంద్యాల, ఆళ్లగడ్డ పట్టణ వార్డులలోని వారికి వర్తించదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశ జనాభాలో 31 శాతం పట్టణాల్లో ఉంటే, ముస్లింలలో 40 శాతం దాకా పట్టణాల్లో ఉన్నారు. కాబట్టి పట్టణ పేదలకు కూడా ఉపాధి హామీ కావాలని అడగడం మనకు ఇతరులకన్నా ఎక్కువ అవసరం.

పేరు సరిచూసుకోండి

ఈ రోజు ఇంటికి వెళ్లాక ఒక పని చేయండి. ఆధార్, రేషన్ కార్డు, పదో తరగతి, డిగ్రీ ధ్రువపత్రాలు, బ్యాంకు పాసుపుస్తకం ఒక చాప మీద వరుసగా పెట్టండి. ఇంటిపేరు, అసలు పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం పోల్చండి. ఆడపిల్లల పేర్లలో ఒక చోట బేగం, ఒక చోట బీ, మరో చోట రెండూ లేకపోవడం మేము ప్రతివారం చూస్తున్నాము. పదో తరగతి ధ్రువపత్రాన్ని ఆధారంగా పెట్టుకుని మిగిలినవాటిని దానికి అనుగుణంగా దిద్దించండి. దానిని మార్చడం అన్నిటికన్నా కష్టం. ఆధార్‌కు మీ ఇంట్లోనే ఉండే ఫోను నంబరు కలపండి.

కుల ధ్రువపత్రం విషయంలో కూడా గందరగోళం ఉంది. 2007 చట్టం ద్వారా బి.సి.-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ వచ్చింది. కేసు సుప్రీంకోర్టులో ఉన్నా 2010 మార్చి నాటి మధ్యంతర ఉత్తర్వుతో అది కొనసాగుతున్నది. షేక్, ఖురేషీ, అత్తర్ సాయిబులు, ఫకీర్ మొదలైనవారు ఇందులో ఉన్నారు. దూదేకుల, నూర్‌బాషా సోదరులు బి.సి.-బి. సయ్యద్, పఠాన్, మొఘల్ కుటుంబాలు బి.సి.-ఇలో లేరు, వారు 2019 రాజ్యాంగ సవరణతో వచ్చిన ఆర్థికంగా వెనుకబడినవారి 10 శాతం కోటాకు ధ్రువపత్రం తీసుకోవచ్చు. ఏది మనదో తెలియక ఏదీ తీసుకోని ఇళ్లు ఉన్నాయి. నోటిఫికేషన్ వచ్చాక పరుగెత్తడం కన్నా ముందే తీసి ఉంచడం మేలు.

దరఖాస్తు తిరస్కరిస్తే ఊరుకోకండి. కారణం రాతపూర్వకంగా అడగండి. చెప్పకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. ఇప్పుడు కలెక్టరేట్ నంద్యాలలోనే ఉంది, ఆళ్లగడ్డ నుంచి నలభై కిలోమీటర్లు. ప్రతి అర్జీకి నకలు, రసీదు ఉంచుకోండి. గుమాస్తాకు కోపం వస్తుందేమోనని భయపడకండి. రసీదు అడిగినవారి కాగితాన్ని ఏ గుమాస్తా పోగొట్టడు. ఇది మా అనుభవంతో చెబుతున్నాము.

ఇంట్లో, మొహల్లాలో

తల్లిదండ్రులకు ఒక విన్నపం. ఉద్యోగం లేని బిడ్డకు అన్నం పెడుతూ లెక్క చెప్పకండి. పొరుగింటి పిల్లవాడి జీతం గురించి భోజనాల దగ్గర మాట్లాడకండి. అలాగే బిడ్డలారా, మీరు కూడా నాన్న కొట్టులో సాయంత్రం రెండు గంటలు కూర్చుంటే మీ డిగ్రీకి మచ్చ రాదు. భృతి వస్తే దానిని ఇంటి ఖర్చులో కలపకుండా దరఖాస్తు రుసుములకు, ప్రయాణాలకు, శిక్షణకు వేరుగా ఉంచుకోండి. వెయ్యి, రెండు వేలతో ఇల్లు గడవదు. కాని ఒక పరీక్షకు వెళ్లి రావడానికి సరిపోతుంది. గల్ఫ్ దేశాలకు పంపుతామనే దళారికి అప్పుచేసి డబ్బు ఇచ్చే ముందు, అతడికి కేంద్ర ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి.

మొహల్లా పెద్దలకు మరో విన్నపం. ప్రతి మొహల్లాలో వారానికి ఒక పూట ఒక బల్ల, రెండు కుర్చీలు వేయించండి. చదువుకున్న ఇద్దరు పిల్లలను కూర్చోబెట్టండి. కాగితాలు సరిచూడడానికి అంతకన్నా అక్కరలేదు. ఆడవారికి వేరుగా ఒక సమయం ఉంచండి, ఇంట్లో కుట్టుపని చేసే అక్కచెల్లెళ్లను ఇ-శ్రమ్‌లో నమోదు చేయించండి.

ప్రభుత్వానికి మన కోరిక స్పష్టంగా ఉండాలి. నిరుద్యోగ భృతి ఎన్నికల హామీగా కాక చట్టంగా రావాలి. డిగ్రీ లేని ఆటో డ్రైవరుకూ, మెకానిక్‌కూ, ఇంట్లో కుట్టే తల్లికీ వర్తించాలి. పేరులోని ఒక్క అక్షరం కోసం దరఖాస్తును తోసిపుచ్చకుండా, దిద్దుకునేందుకు గడువు ఇవ్వాలి. ఇవి మనవారి కోసమే అడుగుతున్నవి కావు, పేదవారందరి కోసం అడుగుతున్నవి. అందుకే పక్క వీధిలోని ఇతర మతస్థులైన నిరుద్యోగులను కూడా కలుపుకుని అడగాలి.

చివరగా, ఆ ఆళ్లగడ్డ యువకుడి సంగతి. 2019లో గ్రామ, వార్డు సచివాలయాల ఉద్యోగాలకు పరీక్షలు జరిగినప్పుడు అతడు రాశాడు. పేర్లు అప్పటికి సరిగ్గా ఉన్నాయి గనుక బి.సి.-ఇ ధ్రువపత్రానికి ఆటంకం రాలేదు. ఉద్యోగం మాత్రం కొద్ది మార్కుల తేడాతో తప్పిపోయింది. ఇప్పుడు ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తున్నాడు. ఆదివారాలు మా బల్ల దగ్గర కూర్చుంటున్నాడు. ఎవరు వచ్చినా, ఏ పథకం కోసం వచ్చినా, “ముందు ఆధార్, పదో తరగతి సర్టిఫికెట్ తీయండి” అంటాడు. మొన్న ఒక రోజు వాళ్ల నాన్నగారే తమ వీధిలోని ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకుని వచ్చారు. ఆయన నోట ఖైరాత్ అనే మాట రాలేదు. “సాబ్, వీళ్ల పేర్లు సరిగ్గా ఉన్నాయో చూడండి” అన్నారు.

సమావేశం ముగిశాక మేము ఈ హాలులోనే ఉంటాము. కాగితాలు తెచ్చినవారు బల్ల దగ్గరకు రండి. తేనివారు వచ్చే ఆదివారం తీసుకురండి.